టర్బో చల్లారేదాకా

మొన్న మా చెల్లెలి కొడుకు తన కొత్త పికప్ బండిని కరీంనగర్‌లో మా ఇంటి ముందు నిలబెట్టి, మందమర్రిలో తన కూతురి బాప్తిస్మానికి నన్ను అందులోనే తీసుకుపోతానని పట్టుబట్టాడు. బస్సులో వస్తానురా నాయనా అంటే వినలేదు. మోకాళ్ళు మొరాయిస్తున్నా, కొత్త బండి కొన్నవాడి ముచ్చట కాదనలేక, వాడి చెయ్యి పట్టుకుని ముందు సీట్లోకి ఎక్కాను. మెత్తటి సీటు, మొహానికి చల్లగాలి. వాడు దారి పొడుగునా బండి గొప్పలు చెబుతూనే ఉన్నాడు, నేను ఊకొడుతూ సగం నిద్రలో ఉన్నాను. రైలు పట్టాల మీది వంతెన ఎక్కేటప్పుడు వాడు కాస్త గట్టిగా తొక్కాడేమో, బండి ముక్కులోంచి సన్నగా ఒక ఈల మొదలై పైపైకి పోయింది. అంతే, నా ప్రమేయం ఏమీ లేకుండా నా నోట్లోంచి "ఏడు!" అని గట్టిగా ఒక మాట ఊడిపడింది.

వాడు ఉలిక్కిపడి కాలు తీసేశాడు. "ఏడేంది పెద్దమ్మా? ఏమైంది?" అన్నాడు. ఏం లేదు బిడ్డా, కలవరించాను, నువ్వు నడుపు అన్నాను. వాడికి చెప్పాలంటే చాలా చెప్పాలి, చెప్పినా వాడికి పట్టదు. వాడి ఈడువాళ్ళకు బండి అంటే తాళం తిప్పితే నడిచే వస్తువు. నిండా బరువెత్తిన పాత డీజిల్ బండిలో నిర్మల్ ఘాటు రోడ్డు ఎక్కడమంటే ఏమిటో తెలిసిన నా ఈడువాళ్ళు ఇంకా కొందరైనా ఉండే ఉంటారు. అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

ముందు ముల్లు సంగతి చెప్పాలి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల బళ్ళు మూతపడి పిల్లలమంతా నెలల తరబడి ఇళ్ళలో ఊరికే పడి ఉన్న ఆ ఏడాది, నన్ను ఒక్కదాన్నే ఇంట్లో వదలలేక మా అవ్వ తనతో పాటు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయేది. అవ్వ అక్కడ ఆయా. ఆపరేషన్ గది వెనకాల మసిబారిన చిన్న గదిలో ఒక పెద్ద స్టెరిలైజర్ ఉండేది, కత్తులూ కత్తెరలూ గాజుగుడ్డలూ అందులో పెట్టి ఆవిరి మీద ఉడికించేవాళ్ళు. దాని కింద మంట పెంచడం, తగ్గించడం అవ్వ పని. దాని నెత్తిన గుండ్రటి మీటరు, అందులో ఒక నల్లటి ముల్లు, పదిహేను పౌన్ల ఒత్తిడి దగ్గర ఒక ఎర్రగీత. అవ్వకు అంకెలు రావు గాని ఆ ఎర్రగీత వచ్చు. ముల్లు దాని మీదికి వచ్చి నిలబడితే కత్తులు శుద్ధి అవుతున్నట్టు, కిందికి జారితే మంట చాలనట్టు. "ముల్లు గీత మీదికచ్చిందా బిడ్డా, జర చూడు" అని గుడ్డలు మడత పెడుతూ నన్ను అడిగేది, నేను పీట మీద కూర్చుని కళ్ళార్పకుండా దాన్నే చూస్తుండేదాన్ని. గడియారం చూడటం రాకముందే నాకు ముల్లు చూడటం వచ్చింది. అవ్వ లెక్కలో ఎర్రగీత అంటే చేరవలసిన చోటు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

పెద్దయ్యాక నర్సు చదువు చదివి నేనూ అదే ఆసుపత్రిలో చేరాను. అవ్వ పోయిన కొన్నాళ్ళకు కరెంటుతో నడిచే కొత్త స్టెరిలైజర్ వచ్చింది. పాతదాన్ని తుక్కులో వేస్తుంటే మా డాక్టరమ్మ దాని మీటరు విప్పించి, మీ అవ్వ చూపులన్నీ దీని మీదే అరిగిపోయాయి, నువ్వే ఉంచుకోవమ్మా అని నా చేతిలో పెట్టింది. దాన్ని తెచ్చి ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య దాచుకున్నాను. మనిషి పోయాక మిగిలేవి ఇలాంటివే కదా, ఎందుకూ పనికిరావు, పారేయడానికి మనసు రాదు.

నా పెళ్ళి ఎనభైలలో జరిగింది. అత్తగారిది మందమర్రిలో గని క్వార్టరు, మా ఆసుపత్రికి దగ్గరే, రెండే గదులు. అందులో అత్త, మామ, పెళ్ళికాని మరుదులు, చర్చి మీటింగులకని వచ్చి పదిరోజులు ఉండిపోయే చుట్టాలు, వాళ్ళందరి మధ్య మేమిద్దరం. మొగుడూ పెళ్ళాలు ఒక మాట గుసగుసగా అనుకుంటే పక్క గదిలోంచి ఎవరో ఒకరు దగ్గేవారు. పగలు ఆయన బండి మీద, నేను డ్యూటీలో. ఇంటికొస్తే నేను పొయ్యి దగ్గర, ఆయన అరుగు మీద. కాపురం చేస్తున్నామంటే చేస్తున్నామంతే, మాట్లాడుకునే తావు మాత్రం లేదు. క్వార్టర్లలో బతికినవాళ్ళకు నేను ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

మా మామ గంభీరమైన మనిషి. గనిలోకి మనుషులను దించి మళ్ళీ పైకి లాగే పెద్ద ఇంజను నడిపి రిటైరయ్యాడు. ఆ ఇంజను ముందు కూడా ఒక డయలు, దాని మీదా ఒక ఎర్రగీత ఉండేదట. గీత దాటితే లోపలున్న వాళ్ళందరి ప్రాణాలూ గాల్లో ఉన్నట్టే. కొలువున్నంత కాలం ఒక్కనాడూ గీత దాటలేదని, అట్లని గీత దాకా పోవడానికి ఏనాడూ భయపడలేదని, అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా మీసం తుడుచుకుంటూ చెప్పేవాడు. ఆయన లెక్కలో ఎర్రగీత అంటే దాటగూడని చోటు, దానికి ఇవతలంతా క్షేమం. ఇంట్లో ఎవరం ఆయన మాటకు ఎదురుచెప్పేవాళ్ళం కాము, ఆయన చేతిమీదుగా అంతమంది క్షేమంగా ఇల్లు చేరారన్న గౌరవం అందరికీ ఉండేది.

మా ఆయన చాలా ఏళ్ళు ఒక కాంట్రాక్టరు దగ్గర లారీ నడిపాడు. పొద్దున్నే పోయి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడటం, ఆ కాంట్రాక్టరు ఏ కారణమూ లేకుండా అరిస్తే తల వంచుకోవడం ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. చివరికి ఒక పాత డీజిల్ పికప్ కొన్నాడు. రంగు వెలిసి, తలుపులు కిర్రుమంటూ, లేవడానికి చలికాలం పొద్దున సగం కాలనీని లేపే బండి. అయినా దాని తాళం జేబులో వేసుకుని ఇంట్లోకి వచ్చిన రోజున ఆయన నడకే మారిపోయింది. ఇగ నేను ఎవని గేటు కాడ నిలబడ అన్నాడు, అందరూ వినేట్టు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడమే ఆ తర్వాత మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పనయింది.

నిర్మల్‌లో ఒక బియ్యం సేటు వారం వారం ఆదిలాబాద్ అంగడికి బస్తాలు పంపేవాడు. ఆ పని మా ఆయనకు దొరికింది, ఇల్లు దాని మీదే గడిచేది. అంగడి మొదలయ్యేలోగా సరుకు దించాలి, అదొక్కటే షరతు. నిర్మల్ దాటితే ఘాటు. ఆ చుట్టూ టేకు చెట్లు, రోడ్డు మీద కోతులు, వానాకాలం పొగమంచు, చూడటానికి ఎంత అందమో బరువెత్తిన బండికి అంత నరకం. మా బండి మొదటి గేరులో పడి ఒక్కో మలుపూ మూలుగుతూ ఎక్కేది. వెనక లారీలు హారన్లు మోగించేవి, క్లీనర్లు కిటికీలోంచి తల బయట పెట్టి, దిగి నెట్టుమంటవా అన్నా అని ఎగతాళి చేసేవాళ్ళు. రెండు మూడుసార్లు అంగడికి ఆలస్యమైంది. ఇంకోసారి ఇట్లయితే వేరే బండి చూసుకుంటానని సేటు తేల్చి చెప్పేశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఆయన అన్నం ముద్దలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు. మళ్ళీ ఆ గేటే కళ్ళముందు కనబడుతోందని నాకు తెలుసు.

అప్పుడు రంగంలోకి దిగినవాడు మా పెద్ద ఆడబిడ్డ భర్త. నాకు అన్న వరస, గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. చేతిలో స్పానరు లేకపోతే ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తొంభైల మొదట్లో అప్పుడప్పుడే కొత్త లారీలకు టర్బోలు వస్తున్నాయి, వెనక తలుపుల మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయించుకుని తిరుగుతున్నారు. మా అన్న తుక్కు వేలంలోంచి ఒక జనరేటర్ ఇంజను తాలూకు చిన్న టర్బో తెచ్చి, కడిగి, తుడిచి, మా బండికి బిగిస్తానన్నాడు. అది చూడటానికి నత్తగుల్లలా ఉంది. ఇంజను వదిలేసే పొగ దాని గాలిమరను తిప్పుతుంది, ఆ మర బయటి గాలిని కుక్కి ఇంజనులోకి తోస్తుంది, గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. ఇంత సులువైతే అందరూ ముందే ఎందుకు పెట్టుకోలేదని నేను అడిగితే ఆయన స్పానరు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"మంచిగ అడిగినవ్ చెల్లే. గీ ఇంజను టర్బో కోసం చేసింది కాదు. దీని పిస్టన్లు, హెడ్ కింది గ్యాస్కెట్ గంత బలం తట్టుకోయి. ఏడు పౌన్లు, గంతే. ఏడు దాటిందంటే కాలు తియ్యాలె. ఆశపడి పది, పన్నెండు తొక్కితే లోపల వేడికి పిస్టనే కరుగుతది."

ఏడు దాటిందని తెలియాలంటే మీటరు కావాలి. బజారులో దొరికే మీటర్లన్నీ లారీ బ్రేకులవి, వాటిలో ఏడు పౌన్లంటే ముల్లు కదిలీ కదలనట్టు. అప్పుడు నాకు ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. అవ్వ మీటరు తెచ్చి ఇస్తే మా అన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నోటితో ఊది చూసి, మురిసిపోయాడు. గాలిగొట్టం నుంచి దానికి ఒక సన్నటి రాగి గొట్టం వేశాడు. ఆ రాగిముక్క ఉన్నంతే ఉంది, డ్రైవరు వైపు దాకా అందలేదు. మీటరు ఎడమపక్క సీటు ముందు బిగించక తప్పలేదు. అంటే మా ఆయన కూర్చున్న చోటి నుంచి ముల్లు కనబడదు. ఎవరైనా పక్కన కూర్చుని చూసి చెప్పాలి. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. నాకు లోపల ఎంత సంతోషమైందో పైకి కనబడనివ్వలేదు.

ఎర్రగీత పదిహేను దగ్గరుంది, దాంతో మనకు పనిలేదు. అందుకని ఏడు దగ్గర అద్దం మీద జెన్షన్ వయొలెట్‌తో నేనే ఒక గీత గీశాను. చిన్నపిల్లల నోటిపూతకు పూసే ఆ ఊదారంగు మందు ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ వేళ్ళకు ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. నా వారపు సెలవును ఘాటు ఎక్కే రోజుకు మార్చుకున్నాను. కోడలు బండెక్కి సేటు బియ్యంతో పోవడమేమిటని అత్త కొంచెం సణిగింది గాని, మామ మాత్రం ఇంజను పనికి ఇంజను పనే, ఆడేంది మగేంది అని ఆమె నోరు మూయించాడు. ఆయనను ఆ ఒక్క మాటకు నేను ఎప్పటికీ మరచిపోను.

మొదటిసారి టర్బోతో ఘాటు ఎక్కిన పొద్దు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఈల సన్నగా మొదలై, మలుపు తిరిగి ఎత్తు పెరిగేకొద్దీ పైకి లేచింది. ముల్లు మూడు, నాలుగు, అయిదు. నేను పెదవులు బిగబట్టి చూస్తున్నాను. ఊదాగీత తాకగానే "ఏడు" అన్నాను, ఆయన కాలు కాస్త వదిలాడు, ముల్లు ఆరుకు వచ్చి నిలబడింది. రెండో గేరులోనే బండి ఎక్కుతోంది! ఒక లారీని దాటాం కూడా. ఆయన నా వైపు కిటికీలోంచి దాని క్లీనరును చూసి చెయ్యి ఊపాడు, ఎంతో మర్యాదగా. ఆ ఏడాది పొడుగునా ఘాటులో మేం మాట్లాడుకున్న భాష అదే. నేను ఏడు అంటే ఆయన కాలు తీసేవాడు. కొన్నిసార్లు నువ్వు ఆరుకే ఏడంటున్నవ్ అని వేళాకోళమాడేవాడు, అట్లయితే నువ్వే వచ్చి చూడు, నేను నడుపుతా అనేదాన్ని.

అన్నిటికన్నా విలువైన మాట మా అన్న చివర్లో చెప్పాడు. టర్బో బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఇంజను ఒక్కసారిగా ఆపితే దానికి ఆయిలు అందదు, లోపలున్న ఆయిలు మాడి బేరింగు పట్టేస్తుంది. కాబట్టి ఇంటికి వచ్చాక కాసేపు ఇంజను అలా మెల్లగా నడుస్తూ ఉండాలి, చల్లారాక ఆపాలి. ఇంత చిన్న మాట మా కాపురాన్ని మారుస్తుందని ఆయనకేం తెలుసు! బండి క్వార్టరు ముందు ఆగేది, ఇంజను గుడగుడమంటూ ఉండేది, అది చల్లారేదాకా మేమిద్దరం లోపలే కూర్చునేవాళ్ళం. ఎవరూ ఏమీ అనడానికి లేదు, పని అది. బయట అందరికీ కనబడుతూనే ఉంటాం, ఇంజను చప్పుడులో మా మాటలు ఎవరికీ వినబడవు. అంతకుముందు అన్నేళ్ళ కాపురంలో చెప్పుకోనివన్నీ అక్కడ చెప్పుకున్నాం. ఆసుపత్రిలో ఎవరికి కాన్పు కష్టమైందో, ఘాటు దగ్గర హోటలువాడు టీలో అల్లం ఎందుకు మానేశాడో, వాళ్ళమ్మ మాటకు నేను నొచ్చుకున్నానా లేదా, చిన్నప్పుడు ఆయనకు ఈత రాదని గోదావరి ఒడ్డున చెన్నూరు పిల్లలు ఎట్లా ఏడిపించారో. పెద్ద విషయాలేం కావు. నాకు మాత్రం వారమంతా ఆ కాసేపటి కోసమే గడిచేది. ఘాటు ఎక్కని రోజుల్లో కూడా నేను డ్యూటీ దిగే వేళకు ఆయన ఆసుపత్రికి వచ్చి నన్ను ఎక్కించుకునేవాడు, టర్బో అప్పుడు వేడెక్కినా వేడెక్కకపోయినా చల్లార్చేవాళ్ళం.

క్రిస్మస్ వచ్చింది. కాలనీ పిల్లలంతా బండి వెనక ఎక్కి, ఇంటింటికీ పోయి పాటలు పాడతారని మా ఆయన ముందురోజు బండిని లోపలా బయటా బకెట్లతో నీళ్ళు పోసి కడిగాడు, మీటరు అద్దం కూడా సబ్బు గుడ్డతో తళతళలాడేట్టు తుడిచాడు. ఊదాగీత అందులో పోయింది. ఎవరూ గమనించలేదు, రంగుకాగితాలు అంటించే హడావిడిలో ఉన్నాం. పండుగ దాటాక వచ్చిన మొదటి ఘాటు ట్రిప్పుకు నేను పోలేకపోయాను. కడుపుతో ఉన్నాను, నీరసంగా ఉండేది. డాక్టరమ్మ ఘాటు ప్రయాణం మానమని గట్టిగా చెప్పింది. నా సీట్లో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వచ్చేలోపే మా మామ కోటు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని సిద్ధమయ్యాడు. డయలు చూడటం నాకు కొత్తనా అన్నాడు. నిజమే, ఆయనకన్నా నమ్మకమైన మనిషి ఇంకెవరు? ఏడు రాంగనే చెప్పు బాపూ అని మా ఆయన చెప్పాడు, నేనూ చెప్పాను.

ఆ రోజు ఘాటులో జరిగింది మా ఆయన తర్వాత నాకు చెప్పాడు. ఎక్కుతున్నకొద్దీ మామ మాట్లాడలేదు. ఏడు అన్న మాట వినబడటం లేదు కాబట్టి ఈయన తొక్కుతూనే ఉన్నాడు. బండి ఎన్నడూ లేనంత హుషారుగా ఎక్కింది, లారీల వెనక లారీలను దాటింది. ఒక చోట అనుమానమొచ్చి ఎంతున్నది బాపూ అని అడిగాడట.

"ఎర్రగీతకు ఇంక దూరమే ఉన్నది. తొక్కు బిడ్డా, ఏం ఫికర్ లేదు. గీత పెట్టినోనికి తెల్వదా, మనకు తెల్సా? ఏడు అని గా ఫిట్టర్ పిలగాడు భయపడి చెప్పిండు."

ముసలాయన తప్పు కాదది. జీవితమంతా ఏ గీతను నమ్మి మనుషులను క్షేమంగా పైకి లాగాడో ఆ గీతనే నమ్మాడు. ఆ ఎర్రగీత కత్తులు ఉడకడానికి పెట్టిందని, ఇంజనుకు దానితో చుట్టరికం లేదని ఆయనకెలా తోస్తుంది? ముల్లు దాదాపు గీత దగ్గరికి వచ్చేసరికి లోపల ఒక దెబ్బ చప్పుడైంది, నల్లపొగ కాస్తా తెల్లపొగై కమ్ముకుంది, నీళ్ళు మరిగి బుసబుసమని బయటికి తన్నాయి. ఘాటు మధ్యలో బండి ఆగిపోయింది. తండ్రీ కొడుకులు చక్రాల కింద రాళ్ళు పెట్టి రోడ్డు పక్కన కూర్చున్నారు. కాసేపటి కింద దాటిన లారీలన్నీ ఒక్కొక్కటే వాళ్ళను దాటుకుని పోయాయట. సేటు బియ్యం వేరే బండికెక్కింది, ఆ తర్వాత సేటు పని కూడా ఆ బండివాడిదే అయింది.

బండిని లాక్కొచ్చి మా అన్న షెడ్డులో పడేశారు. హెడ్ విప్పితే గ్యాస్కెట్ కాలిపోయి ఉంది, ఒక పిస్టను నెత్తి కరిగి గుంట పడింది. మా అన్న పోయి మీటరు అద్దం మీద వేలితో తడిమి చూశాడు, ఊదాగీత లేదు. తలెత్తి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. మామ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, మఫ్లరు కూడా తీయలేదు. ఏమైందిరా అని అడిగితే మా ఆయన చెప్పిన మాట నేను పక్కనే ఉండి విన్నాను. "గ్యాస్కెట్ పాతది బాపూ, ఎప్పటికైనా పోయేదే. ఇయ్యాల పోయింది, గంతే." మామ చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు. ఆయన పోయేదాకా అదే నిజమనుకున్నాడు. కొలువు మొత్తంలో ఒక్కసారి కూడా గీత దాటని మనిషికి ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. నా మొగుడి మీద నాకు అంతకుముందు ప్రేమ ఉండేదని అనుకునేదాన్ని, ఆనాడు ఆ షెడ్డులో గ్రీజు మరకల మధ్య నిలబడి, అసలు ప్రేమంటే ఏమిటో తెలిసినట్టయింది.

ఇంజను బాగుచేయడానికి చాలా రోజులు పట్టింది. అన్నీ బిగించాక మా అన్న టర్బోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పెట్టాలా వద్దా? పెడితే ఘాటు ఎక్కొచ్చు, ఇంకో సేటును వెతుక్కోవచ్చు. పెట్టకపోతే చదునులో చిన్న చిన్న కిరాయిలు, కూరగాయలు, క్వార్టర్లు మారేవాళ్ళ సామాన్లు. మామ పెట్టమనే అన్నాడు, పోయింది పాత గ్యాస్కెట్టే కదా అని. మా అన్న నా కడుపు వైపు చూసి, "చెల్లె కూసుంటెనే ఇది భద్రం బామ్మర్దీ, లేకుంటే వద్దు" అన్నాడు. మా ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. తీసెయ్ బావా అన్నాడు. ఆ మాటతో ఘాటూ, లారీలను దాటడమూ, ఆదిలాబాద్ అంగడీ అన్నీ పోయాయి. గేటు కాడ నిలబడనన్న మాట మాత్రం నిలిచింది. చిన్న కిరాయిలతోనే ఇల్లు నడిచింది, కష్టంగా నడిచిన రోజులూ ఉన్నాయి గాని ఆయన మళ్ళీ ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదు. నేను మాత్రం ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. బండి గురించి కాదు. టర్బో లేకపోతే ముల్లు లేదు, ముల్లు లేకపోతే నా సీటు లేదు, చల్లార్చుకోవడం లేదు. ఇంత చిన్నదానికి ఏడుస్తున్నానని ఎవరికి చెప్పుకోను?

మరునాడు డ్యూటీ దిగే వేళకు ఆయన ఆసుపత్రి ముందు బండితో ఉన్నాడు. ఎక్కాను. మీటరు ఉన్నచోట ఖాళీగా ఒక గుండ్రటి రంధ్రం. క్వార్టరు ముందు బండి ఆగింది, నేను కాళ్ళు కూడదీసుకుని తలుపు మీద చెయ్యి వేశాను. ఆయన తాళం తిప్పలేదు. ఇంజను గుడగుడమంటూనే ఉంది. టర్బో లేదు కదా, ఇక ఆపేయరాదూ అన్నాను.

"జరసేపు కూసో" అన్నాడు.

అరుగు మీద నుంచి మామ కేకేశాడు, టర్బో లేని బండికి సల్లార్పుడేందిరా, డీజిలంతా దండుగ అని. ఆయన అద్దం దించి, "అలవాటైంది బాపూ, ఎమ్మటే ఆపితే దీనికి మంచిగుంటలేదు" అని అరిచి, మళ్ళీ అద్దం ఎక్కించి, ఇంతకీ ఇయ్యాల ఎవరికి కాన్పయింది అని నన్ను అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బండి అమ్మేసేదాకా, ఆ తర్వాత కొన్న ఇంకో బండిలో కూడా, ఆయన ఏనాడూ ఇంటి ముందు వెంటనే ఇంజను ఆపలేదు. మా పిల్లలు కూడా అది బండి జబ్బే అనుకుంటూ పెరిగారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నా ఇంట్లో గదులకు కొదవ లేదు, నిశ్శబ్దానికీ కొదవ లేదు.

మొన్న మందమర్రిలో చర్చి ముందు మా చెల్లెలి కొడుకు బండి ఆపీ ఆపగానే మీట నొక్కాడు, ఇంజను ఠక్కున చచ్చింది. నేను దిగలేదు. అవ్వ మీటరు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలోనే ఉంది, దాని సంగతి వాడికి తెలియదు. వాడి బండి ముందు ముల్లు లేదు, రంగు రంగుల దీపాలున్నాయి. గాలి ఎంత పోవాలో, ఎక్కడ ఆగాలో అన్నీ అవే చూసుకుంటాయట, పక్కన ఎవరూ కూర్చోనక్కరలేదు. జరసేపు నడువనియ్యరాదు బిడ్డా అన్నాను. "అవసరం లేదు పెద్దమ్మా, గివి కొత్త బండ్లు. వాటంతట అవే సల్లారుతయ్. దా, అందరు నీ కోసం చూస్తుండ్రు" అని వాడు అటువైపు వచ్చి తలుపు తీశాడు. వాడిది తప్పేమీ లేదు. బండ్లు బాగుపడ్డాయి, ఘాటులు వెడల్పయ్యాయి, పిస్టన్లు కరగడం లేదు, సంతోషమే. కాని ఇల్లు చేరాక కూడా దిగకుండా ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చోవడానికి అప్పట్లో ఒక సాకు ఉండేది. అది ఏ కొత్త బండిలోనూ పెట్టి అమ్మడం లేదు.